చింతపిక్కల లెక్క



గడచిన యేడు వర్షకాలములో ఒకనాటి ఉదయమున మా సంఘములోని వృద్ధురాలొకతె చీరకొంగు క్రింద ఒక పుస్తకము దాచుకొని మా యింటికి వచ్చినది. మాది పెందుర్తి. ఆమె వసారాలో కూర్చుండి, ఇటు అటు చూచి, పుస్తకము తీసి నా చేతిలో పెట్టినది.

"అయ్యగోరూ, నాకు చదువు రాదు. ఇందులో ఏటి రాసిందో మీరే సూడండి. మా కోడలు బిడ్డని సూసి మురవడం మానీసి ఈ బుక్కునే సూస్తంది. పాలకీ లెక్కే, నిద్దరకీ లెక్కే, తడిసిన గుడ్డకీ లెక్కే. ఇది పిల్లా, కొట్టు బాకీయా? దేవుడిచ్చిన బిడ్డకి లెక్కెడితే దిష్టి తగల్దా?"

తెరచి చూచితిని. ఏదో అంగడివారు క్రొత్త సంవత్సరమునకు ఉచితముగా పంచిన డైరీ అది. ఒక్కొక్క తేదీకి ఒక్కొక్క పుట. ప్రతి పుటమీదను పెన్సిలుతో నిలువు గీతలు గీసి నాలుగు గళ్లు చేసినారు. పాలు, నిద్ర, తడిసిన బట్ట, విరేచనము. తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషములకు కుడి ప్రక్క పాలు త్రాగినదని ఒకచోట, రాత్రి 2 గంటలకు ఏడ్చినది, కారణము తెలియదని మరియొకచోట. ఆ బిడ్డకు అప్పటికి తొమ్మిది దినములు.

ఈ ఆలోచన ఆ తల్లికి ఎక్కడనుండి వచ్చినదో నాకు తెలియును. ఆమె భర్త ఉక్కు కర్మాగారములో పనివాడు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేరును అన్నపు తల్లి పేరును పెట్టిన పెద్ద కొలుములు అక్కడ ఉన్నవి. కొలిమి వేడిమి ఎంత, గాలి ఎంత అని వేళ ప్రకారము వ్రాయుదురు. ఒక షిఫ్టువాడు దిగిపోవునప్పుడు ఎక్కువానికి ఆ పుస్తకము అప్పగించును. కొలిమి నోరు తెరచి తన బాధ చెప్పదు గనుక పుస్తకము చెప్పవలెను. "బిడ్డ కూడ చెప్పలేదు గదా, మనమును వ్రాయుదము" అని భర్త అన్నాడట. భార్య వ్రాయ మొదలుపెట్టినది.

చదువరులారా, ఆ ఉదయమున నా మనస్సు అత్తగారి వైపే మొగ్గినదని ఒప్పుకొనుచున్నాను. దావీదు రాజు జనసంఖ్య చేయించిన సంగతి నాకు జ్ఞాపకము వచ్చినది. యోవాబు వద్దనినను వినక, తొమ్మిది నెలల ఇరువది దినములు దేశమంతట త్రిప్పి లెక్క తెప్పించుకొనెను. తెప్పించుకొన్న తరువాత అతని మనస్సే అతని గద్దించెను. దేవుడిచ్చినదానిని లెక్కించుట అవిశ్వాసము కాదా? తల్లికి ప్రేమ యుండగా పెన్సిలు ఎందుకు? ఇట్లు తలంచి, "అమ్మా, నీ మాటలో న్యాయమున్నది. నీ కోడలితో నేను మాటలాడెదను. పుస్తకము ఇక్కడ ఉంచి పొమ్ము" అని చెప్పితిని. ఆమె సంతోషముగా వెళ్లినది. పుస్తకము నా బల్లమీద ఉండిపోయినది.

మరునాడు తెల్లవారకముందే తలుపు తట్టినారు. ఆ కోడలే. పురిటి స్నానమైనను కాలేదు. బిడ్డను గుండెకు హత్తుకొని గడప దాటి వచ్చినది. చేతిలో గోడ క్యాలెండరునుండి చించిన కాగితము. పుస్తకము లేనందున రాత్రి దాని వెనుక వ్రాసినది.

"అయ్యగారూ, నా పుస్తకం ఒకసారి ఇవ్వండి. నిన్నటిది మొన్నటిదానితో కలిపి చూడాలి."

దీపము వెలిగించి బల్లమీద రెండును ప్రక్క ప్రక్కన పెట్టి చూచితిమి. అంతకు ముందు మూడు దినములు బిడ్డ పాలు త్రాగినది 10, 11, 10 మారులు. నిన్న 6. తడిసిన బట్టలు 8, 8, 7. నిన్న 3. వెనుకనే వచ్చిన అత్తగారు ప్రేమగానే అన్నది: "ఎంత బుద్దిమంతురాలో సూడండి అయ్యగోరూ, రాత్రంతా ఏడుపే నేదు." నా భార్య బిడ్డ పాదములు పట్టుకొని చూచినది. చల్లగా ఉన్నవి. ఆమె నా ముఖము వైపు చూచినది. ఆ చూపు ఏమిటో క్రిందకు వచ్చి చెప్పెదను. వెంటనే ఆటో పిలిపించి ఆస్పత్రికి వెళ్లితిమి.

డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్నకే ఆ తల్లి పుస్తకమును కాగితమును చేతికిచ్చినది. రక్తములో రోగక్రిములు చేరినవని తేలినది. పదునాలుగు దినములు సూదిమందులు పడినవి. బిడ్డ బ్రతికి యిల్లు చేరినది.

ఇప్పుడు ఆ చూపు సంగతి. ఇరువది ఎనిమిది సంవత్సరముల క్రిందట, నేను వేదశాస్త్ర కళాశాలనుండి వచ్చి మొదటి సంఘములో చేరిన యేట, మాకు మొదటి బిడ్డ పుట్టినది. మొదటి వారము బాగుగానే ఏడ్చినది, త్రాగినది. తరువాత నిద్ర ఎక్కువైనది. "ఏడుపు లేని బిడ్డ, పాస్టరుగారి బిడ్డ గదా" అని అందరును మెచ్చుకొనిరి. నేనును మెచ్చుకొంటిని. చివరకు ఆస్పత్రికి తీసికొని పోయినప్పుడు అక్కడి డాక్టరు మమ్మును రెండే ప్రశ్నలు అడిగెను. నిన్న ఎన్నిసార్లు పాలు త్రాగినది? ఎన్నిసార్లు బట్ట తడిపినది? నేను నా భార్యను చూచితిని. ఆమె నన్ను చూచినది. ఇద్దరికిని తెలియదు. మా బిడ్డ పండ్రెండు దినములు బ్రతికినది. సంఘపు సమాధుల రిజిస్టరులో ఆమె పేరును, వయస్సు 12 దినములు అనియు నా చేతితోనే వ్రాసితిని. ఆ బిడ్డనుగూర్చి మేము వ్రాసిన అక్షరములు అవి మాత్రమే.

లెక్క వ్రాసియుంటే బ్రతికియుండునని నేను చెప్పలేను. ఎవరును చెప్పలేరు. ఇది చదువు తల్లులలో బిడ్డను పోగొట్టుకొన్నవారుంటే, వ్రాయనందున పోయెనని మీరు మిమ్మును నిందించుకొనవద్దు, ఇతరులు నిందించినను వినవద్దు. కాని ప్రేమ ఉన్నంత మాత్రమున కన్నులు తెరచుకొనవని మాత్రము ఆ దినమున నేర్చుకొంటిని. నేర్చుకొనియు మరచితిని. నా బల్లమీద ఆ డైరీ ఒక పగలు, ఒక రాత్రి ఊరక పడియుండుటయే దానికి సాక్ష్యము.

పసిబిడ్డ విషయములో లెక్క ఎందుకు కావలెనో వినుడి. పెద్దవారికి జబ్బు చేసినయెడల మూలుగుదురు. నెల నిండని బిడ్డకు జబ్బు చేసినయెడల తరచుగా మౌనమై నిద్రపోవును. ఆ నిద్రను మనము బుద్ధి అనుకొందుము. రొమ్ములో పాలు ఎన్ని గ్రుక్కలు దిగినవో కంటికి కనబడదు. కనబడునవి రెండే. రేయింబవళ్లలో ఎన్నిమారులు త్రాగినది, ఎన్ని బట్టలు తడిపినది. సాధారణముగా ఎనిమిదినుండి పండ్రెండు మారులు త్రాగును. మొదటి వారము గడచునప్పటికి దినమునకు ఆరు బట్టలకు తక్కువ గాకుండ తడుపును. పుట్టిన తరువాత కొంచెము బరువు తగ్గి, రెండు వారములలో తిరిగి పుట్టిన బరువునకు వచ్చును. అయిదు నెలల ప్రాంతమున రెండింతలు, సంవత్సరమునకు మూడింతలు అగును. ఒక్క దినపు సంఖ్యతో పెద్ద పని లేదు. నిన్నటి ప్రక్కన నేటిని పెట్టి చూచినప్పుడే సంగతి తెలియును. నిద్రలేని తల్లికి నిన్న ఏది, నేడు ఏది అన్నది కలిసిపోవును. ఆమె మరచినదానిని కాగితము మరువదు.

ఇది ఈనాటి వింత కాదు. 1950ల దశకములో డాక్టరు డేవిడ్ మోర్లీ అను ఆంగ్లేయుడు నైజీరియా దేశమున ఇలేషా అను ఊరి మెథడిస్టు మిషను ఆస్పత్రికి వచ్చి, చుట్టుప్రక్కల పల్లెలలో పసిపిల్లలు చనిపోవుట చూచెను. ఆయన ఒక అట్ట తయారుచేసెను. బిడ్డ బరువును నెలనెలకు చుక్కలుగా పెట్టి గీత కలుపుట. ఆ అట్టను ఆస్పత్రి బీరువాలో గాక తల్లి యింటిలోనే ఉంచెను. గీత పైకి పోవుచున్నదా, నిలిచిపోయినదా అని చదువు రాని తల్లియు చూడగలదు. మన దేశములో 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీల పథకము మొదలైనది. నేడు అంగన్‌వాడీలోను నర్సమ్మ చేతను మనకు లభించు తల్లీబిడ్డల కార్డులోని ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల పటము ఆ అట్టకు వారసురాలే.

మనకు దగ్గరగా, తెలంగాణకు ప్రాణహిత నది ఆవలి ఒడ్డున గడ్చిరోలి జిల్లా ఉన్నది. అక్కడ డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు 39 గ్రామములలో పల్లె స్త్రీలకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికి పోయి బిడ్డను తూచి, చూచి, పత్రములో వ్రాసి, అవసరమైతే మందు ఇచ్చునట్లు చేసినారు. మూడవ సంవత్సరమునకు, పోల్చి చూచిన ఇతర గ్రామములకంటె, నెలలోపు పిల్లల మరణములు నూటికి 62 వంతులు తగ్గినవి. ఈ సంగతి 1999లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటింపబడినది. మన ఆశా కార్యకర్త ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను చూచుటకు 3, 7, 14, 21, 28, 42వ దినములలో గడప త్రొక్కుట అట్టి అనుభవముల ఫలమే. ఆమె వచ్చినప్పుడు "బిడ్డ పడుకొన్నది, రేపు రమ్ము" అని పంపివేయకుడి.

కాబట్టి లెక్క మంచిదని చెప్పి ముగించుదునా? లేదు. కథలో రెండవ భాగమున్నది.

బిడ్డకు నాలుగవ నెల వచ్చినప్పుడు వారి యింటికి ప్రార్థనకు వెళ్లితిని. బిడ్డ చాపమీద కాళ్లు ఆడించుచు నవ్వుచున్నది. తల్లి ప్రక్కన కూర్చుండి ఏడ్చుచున్నది. ఏమనగా, ఎవరో స్నేహితురాలు అరగంటకొక గడి అచ్చువేసిన క్రొత్త పుస్తకము పంపినది. ఏ వేళకు త్రాగవలెను, ఏ వేళకు నిద్రపోవలెను అని అందులోనే ముందుగా ఉన్నది. బిడ్డ ఆ ప్రకారము నడువలేదు. నిద్రపోవుదానిని లేపి పాలిచ్చుట, ఆకలిగొన్నదానిని గడియారము చూపి ఆపుట. అంతేకాదు, పుటకు చివర మరియొక గడి చేరినది. "ఎవరు లేచినారు." ఆ వారములో తల్లి 19, తండ్రి 2, అత్త 3. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన భర్తకు అది చదివి వినిపించినది. ఇల్లు రెండైనది. అత్తగారు నన్ను మూలకు పిలిచి, "నా పేరు కాడ ఏటి రాసిందయ్యా?" అని అడిగినప్పుడు నేను చదువలేకపోతిని.

లోకములో ఈ తప్పు గొప్పవారును చేసినారు. 1907లో న్యూజిలాండు దేశమున ప్లంకెట్ సంఘమును స్థాపించిన డాక్టరు ట్రూబీ కింగ్ తల్లిపాల మేలును బోధించినవాడే. కాని నాలుగు గంటలకొకమారు, గడియారము ప్రకారము, రాత్రి అసలే కూడదు అని నియమము చేసెను. ఆ నియమము అనేక దేశములకు వ్యాపించినది. బిడ్డ తలుపు లోపల ఏడ్చుచుండగా తల్లులు వెలుపల గడియారము చూచుచు నిలిచినారు. బిడ్డ చీకినకొలది పాలు ఊరును, చీకనిది తగ్గిపోవును. ఈ మర్మము తరువాత తెలిసి, అడిగినప్పుడెల్ల ఇమ్మని నేటి వైద్యులు చెప్పుచున్నారు. సేవకుడు కావలసిన పుస్తకము యజమానుడైనప్పుడు ఇట్లు జరుగును.

అయితే ఒకే పుస్తకము, ఒకే చేయి. పదియవ దినమున ప్రాణము కాచినది, నాలుగవ నెలలో ఇంటిని చీల్చినది. భేదమెక్కడ?

దావీదు లెక్కను మరల తలపోయుడి. అతడు తన ప్రజలలో ఎవడు తప్పిపోయెనో వెదకుటకు లెక్కింపలేదు. కత్తి పట్టగలవారు ఎందరున్నారో, తాను ఎంత గొప్పవాడో తెలిసికొనుటకు లెక్కించెను. మన ప్రభువు చెప్పిన కాపరియు లెక్కించెను. లెక్కింపనియెడల నూరింటిలో ఒకటి లేదని అతనికెట్లు తెలిసెను? తొంబది తొమ్మిది గొర్రెల మందలో ఒక గొర్రె లోటు కంటికి కనబడదు. కాపరి లెక్క ముగియగానే అతని పాదములు కొండదారి పట్టినవి. రాజు లెక్క ముగిసినప్పుడు చేతిలో సంఖ్య మిగిలెను. కాపరి లెక్క ముగిసినప్పుడు భుజముమీద గొర్రె ఉండెను.

ఆ దినమున ఆ యింటిలో చాపమీద కూర్చుండి, ఆ దంపతులకు మూడు ప్రశ్నలు ఇచ్చితిని. మీకును ఇచ్చుచున్నాను.

మొదటిది. ఈ లెక్క ఎవరికొరకు? బిడ్డకు ఏది తక్కువైనదో తెలిసికొనుటకా, నేను ఎంత మంచి తల్లినో తెలిసికొనుటకా, పొరుగింటి బిడ్డకంటె మా బిడ్డ ముందున్నదని చూపుటకా?

రెండవది. వ్రాసిన తరువాత కన్ను ఎక్కడికి పోవుచున్నది? బిడ్డ ముఖమునకు పోయినయెడల మేలు. పుస్తకములోనే నిలిచినయెడల దానిని మూయవలెను.

మూడవది. ఇందులో మనిషి తప్పులు వ్రాయబడుచున్నవా? పౌలు కొరింథు సంఘమునకు ప్రేమనుగూర్చి బోధించినప్పుడు, అది ఎదుటివారి అపరాధములకు ఖాతా పెట్టదను భావము చెప్పెను. బిడ్డ అక్కరకు లెక్క ఉండవచ్చును. భర్త చేసిన తప్పునకు, అత్త చేయని సేవకు లెక్క ఉండరాదు. భర్త తన వంతు లేచి తీరవలెను, అది న్యాయమే. అది నోట అడిగి చేయించుకొనవలసినది గాని, గీతలు కూర్చి తీర్పు చెప్పవలసినది కాదు. ఆ యువకుడు తల వంచుకొని, "వారంలో మూడు రాత్రులు నావి" అని తానే ఒప్పుకొనెను. ఆమె చివరి గడిని తానే కొట్టివేసినది. అచ్చు పుస్తకమును మూసివేసి, బిడ్డ బాగుగా పెరుగుచున్నది గనుక ఇక నెలకొకమారు అంగన్‌వాడీ తూకము చాలునని అనుకొనిరి. జ్వరము వచ్చినను, పాలు మానినను, పాత డైరీ తిరిగి తీయుదురు.

చివరి మాట ఆ వృద్ధురాలినిగూర్చి. ఆస్పత్రినుండి వచ్చిన దినమునుండి ఆమె పొయ్యి ప్రక్కన రెండు కొబ్బరిచిప్పలు పెట్టుకొన్నది. కోడలు పగటివేళ కునుకు తీయునప్పుడు బిడ్డ పాలకు లేచినయెడల ఒక చిప్పలో ఒక చింతపిక్క. బట్ట తడిపినయెడల రెండవ చిప్పలో ఒక చింతపిక్క. సాయంకాలము కోడలు పిక్కలు లెక్కించి డైరీలో వ్రాసినది. తెల్లవారునప్పటికి చిప్పలు ఖాళీ చేసి పెట్టునది ఆ ముసలమ్మే. నిన్నటి పిక్క ఒక్కటియు నేటికి మిగుల్చదు.

నేనొకమారు ఆమెను అడిగితిని. "అమ్మా, లెక్కపెడితే దిష్టి తగులునంటివి గదా?"

ఆమె కొంతసేపు పొయ్యివైపు చూచి అన్నది. "నాకు ముగ్గురు పిల్లలని మీకు సెప్పేను గదా అయ్యగోరూ. ముగ్గురు కాదు, అయిదుగురు. ఇద్దరు పోయేరు. ఒకడు వరి కోతలప్పుడు పుట్టేడు. ఒకర్తి మామిడికాయల రోజుల్లో. మళ్లీ పోతారేమోనని బయమేసి, అప్పట్నుంచి ఎవర్నీ లెక్కెట్టలేదు."

చదువరులారా, బాప్తిస్మము పొంది ఎన్ని తరములైనను దిష్టి భయము మన యిండ్లను పూర్తిగా విడువలేదు. ఆ భయము వెనుక ఎంత దుఃఖము దాగియున్నదో నేను ఆ దినమున ఎరిగితిని. ఆమె అవిద్య అని నేను తలంచినది ఒక తల్లి గాయము. నేనును మా పెద్దబిడ్డ సంగతి ఆమెతో చెప్పితిని. నా భార్యయు నేనును ఇన్ని సంవత్సరములు మాకు ఇద్దరు పిల్లలని చెప్పుచు వచ్చితిమి. ఆ సాయంకాలమునుండి ముగ్గురని చెప్పుచున్నాము.

నేను ఆదివారపు హాజరు వ్రాయువాడను. ఇంతకాలము ఎందరు వచ్చిరో వ్రాసి, సంఖ్య పెరిగినయెడల సంతోషించితిని. ఇప్పుడు వ్రాసిన తరువాత తల యెత్తి, ఎవరి చోటు ఖాళీగా ఉన్నదో చూచుచున్నాను. మీ యింట పసిబిడ్డ యున్నయెడల ఒక పెన్సిలును, ఒక కాగితమును దగ్గర పెట్టుకొనుడి. చదువు రానియెడల చింతపిక్కలు చాలును. బిడ్డ పాలు తగ్గించినను, ఎడతెగని మత్తుగా నిద్రించినను, ఒళ్లు చల్లబడినను, కాగినను, ఊపిరి వేగముగా తీసినను, బుద్ధిమంతురాలని మెచ్చుకొనుచు కూర్చుండక, ప్రార్థించుచునే ఆస్పత్రికి నడువుడి.

సాయంకాలమున లెక్క చూడుడి. ఉదయమున చిప్పను ఖాళీ చేయుడి.